ఆర్32, ఆర్290 ఏసీల్లో గ్యాస్ పని: మంట అంటుకోకుండా ఎలా చేయాలి

ఎండలు ముదిరే కొద్దీ మెకానిక్‌ల నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, ఆర్32 మండే గ్యాస్ అంటున్నారు కదా, ఆర్22కి చేసినట్టే చేస్తే ఏమవుతుంది?" ఆర్22 అంటే పాత ఏసీల్లో ఉండే, మండని గ్యాస్. దానికి చేసినట్టే చేస్తే చాలాసార్లు ఏమీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పది ఇళ్లలో ఏమీ కాకపోతే చేతికి అదే అలవాటైపోతుంది. పదకొండో ఇంట్లో కిటికీలు మూసి ఉంటాయి, గోడమీద స్టెబిలైజర్ టక్కుమంటుంది.

ఇక్కడ చెప్పేది ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీల గురించి. లీకు పట్టుకుని, బాగుచేసి, మళ్లీ గ్యాస్ నింపే పని మొదటి నుంచి చివరిదాకా వరసగా ఉంటుంది. గేజ్ పట్టడం, బ్రేజింగ్ (మంటతో పైపులు అతకడం) చేయడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. ఏసీ ఉన్న ఇంటివాళ్లు చదివితే మంచిదే, కానీ దీన్ని చూసి సొంతంగా మొదలుపెట్టొద్దు. ఆర్290 (ఇదీ మండే గ్యాసే, ఆర్32 కంటే తేలిగ్గా అంటుకుంటుంది) విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను: ఆ గ్యాస్ మీద శిక్షణ తీసుకోకపోతే పైపు విప్పకండి, కంపెనీవాళ్లకు అప్పగించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ముందు ఏ గ్యాసో తేల్చుకోండి

ఔట్‌డోర్ యూనిట్ పక్కన ఉండే స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. మండే గ్యాస్ అయితే మంట గుర్తు కూడా ఉంటుంది. ఎండకు స్టిక్కర్ వెలిసిపోతే ఇండోర్ యూనిట్ మీద మోడల్ నంబర్ చూసి కంపెనీని అడగండి.

స్టిక్కర్ ఒకటి చెప్పి లోపల ఇంకొకటి ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు. ఏసీ కొన్ని గంటలు ఆగి ఉంటే, లోపల ఇంకా ద్రవం మిగిలి ఉంటే, గేజ్ కొంత సాయం చేస్తుంది. 35 డిగ్రీల దగ్గర ఆర్32 సుమారు 300 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), ఆర్22 సుమారు 180, ఆర్290 సుమారు 160 చూపించాలి. ఆర్410ఎ అనే ఇంకో మండని గ్యాస్ కూడా 300 దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్నీ ఆర్32నీ గేజ్‌తో వేరు చేయలేరు. ఆర్22కీ ఆర్290కీ మధ్య తేడా కూడా చిన్నదే. అనుమానం ఉంటే మండే గ్యాసే అనుకుని పని చేయండి.

ఎంతగా మండుతాయి? ఆర్32 గాలిలో దాదాపు 14 శాతం కలిస్తే గానీ అంటుకోదు. ఆర్290 అంటే ప్రొపేన్, దానికి 2 శాతం చాలు. రెండూ గాలికంటే బరువు, కిందకి దిగి నేలమీద పరుచుకుంటాయి. లెక్క వేసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. పది అడుగుల చదరపు గదిలో 300 గ్రాముల ఆర్290 మొత్తం కారి, గాలిలో ఆ 2 శాతం పాళ్లలో కలిసి నేలమీదే ఉండిపోతే, మండే పొర దాదాపు మూడడుగుల ఎత్తు, అంటే నడుము దాకా వస్తుంది. అదే గదిలో 800 గ్రాముల ఆర్32 అయితే అది అడుగు ఎత్తు కూడా ఉండదు. అంటే ఆర్32తో నేలమీద పెట్టిన వస్తువు భయపెట్టాలి, ఆర్290తో గదిలో ఉన్న ప్రతిదీ భయపెట్టాలి.

ఇంకో మాట. వంటగ్యాస్‌కు కలిపే వాసన వీటికి ఉండదు. "వాసన రాలేదు కదా" అనేది ఇక్కడ పనికిరాదు.

దగ్గర ఉండాల్సినవి

- మండే గ్యాస్‌లకు పనికొస్తుందని రాసి ఉన్న ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్
- సబ్బునీళ్లు, బ్రష్
- ఆర్32 ఒత్తిడికి తగిన గేజ్‌లు, హోస్‌లు (ఆర్22 సెట్టు సరిపోదు, దాని స్కేలు కూడా వేరు)
- నైట్రోజన్ సిలిండర్, దానికి రెగ్యులేటర్
- వ్యాక్యూమ్ పంపు, మైక్రాన్ గేజ్ (వ్యాక్యూమ్ ఎంత బాగా పట్టిందో కొలిచేది)
- ఆర్32కి తగిన రికవరీ మెషిన్ (ఏసీలోని గ్యాస్‌ను లాగి సిలిండర్‌లోకి నింపేది), సిలిండర్
- గ్రాముల్లో చూపించే తూకం
- పైపు కట్టర్, ఫ్లేరింగ్ టూల్ (నట్టుతో బిగించేందుకు పైపు మూతిని విప్పార్చేది), టార్క్ రెంచ్
- డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, కళ్లద్దాలు, తోలు గ్లౌజులు
- పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్స్

రికవరీ మెషిన్ ఖరీదైనదే, చిన్న షాపుకి భారమే. ఒకే ఏరియాలో నలుగురు కలిసి కొనుక్కుని పంచుకోవచ్చు. మైక్రాన్ గేజ్ మాత్రం ఎవరిది వాళ్లకు ఉండాలి.

ఇప్పుడు పని

1. గది సిద్ధం చేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. పూజగదిలో దీపం, అగరుబత్తి, దోమల కాయిల్, వంటింట్లో పొయ్యి ఆర్పించండి. దోమల బ్యాటును గదిలోంచి తీసేయించండి, దాని పనే నిప్పురవ్వ పుట్టించడం. ఇస్త్రీపెట్టె, కిందనున్న ఇన్వర్టర్ బ్యాటరీ కూడా చూసుకోండి. పిల్లల్ని బయటికి పంపండి. "మేం చూస్తుంటాం" అని నిలబడే ఇంటి పెద్దాయన్ని కూడా మర్యాదగా గుమ్మం అవతల కూర్చోబెట్టండి. గాలి ఆడని గదైతే పెడెస్టల్ ఫ్యాన్‌ను గుమ్మం బయట పెట్టి, గ్యాస్ తెరవకముందే ఆన్ చేసి, గాలి లోపలికి కొట్టేలా తిప్పండి. పని అయ్యేదాకా దాన్ని ఆపడం, మళ్లీ వేయడం చేయొద్దు.

2. కరెంటు తీయండి. ఇది గ్యాస్ ముట్టకముందే జరగాలి. ఎంసీబీ (ఏసీ బ్రేకర్ స్విచ్చు) కిందికి దించి ఆఫ్ చేయండి, స్టెబిలైజర్ ప్లగ్గు తీయండి. స్టెబిలైజర్ లోపల రిలేలు వోల్టేజ్ మారినప్పుడల్లా తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి, ప్రతిసారీ చిన్న మెరుపు. ఏసీ ఆఫ్‌లో ఉన్నా అది ఆన్‌లోనే ఉండొచ్చు. గదిలో ఇప్పటికే గ్యాస్ కారిందని అనుమానం వస్తే ఆ గదిలో ఏ స్విచ్చూ వేయొద్దు, ఆర్పొద్దు. గది బయట ఉన్న మెయిన్ తీసేయండి.

తర్వాత కెపాసిటర్. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించడం మనవాళ్లకు ఎంత అలవాటంటే, అది చేయకపోతే పని మొదలైనట్టే అనిపించదు. మానేయండి. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా అయిందని చూసుకోండి. ఇన్వర్టర్ ఏసీలో పీసీబీ మీద కెపాసిటర్లకు కొన్ని నిమిషాలు పడుతుంది, ఆగండి.

3. డిటెక్టర్ ఆన్ చేసి నేల దగ్గర పెట్టండి. పని అయిపోయేదాకా అక్కడే ఉండాలి. భుజం ఎత్తులో గోడకు వేలాడదీస్తే అది మోగే సరికి ఆలస్యమైపోతుంది. ఆన్, ఆఫ్ చేసేది బయటే.

4. లీకు వెతకండి. లోపల ఒత్తిడి మిగిలి ఉంటే ఫ్లేర్ నట్లు, సర్వీస్ వాల్వ్‌లు, కాయిల్ వంపుల దగ్గర సబ్బునీళ్లు రాయండి. నూనె మరక ఉన్న చోట ముందు చూడండి, గ్యాస్ వెళ్లేటప్పుడు నూనెను కూడా తీసుకెళ్తుంది. మంటతో లీకు చూసే పాత టార్చ్ ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే పారేయండి.

5. గ్యాస్ తీయండి. ఇక్కడ రెండు గ్యాసులకూ దారులు వేరు.

ఆర్32 అయితే రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి. సిలిండర్‌ను తూకం మీద పెట్టండి, ద్రవం 80 శాతం దాటకూడదు. వాడి పారేసే క్యాన్‌లలోకి తిరిగి నింపొద్దు, అవి అందుకోసం చేసినవి కావు.

ఇండోర్ కాయిల్ మాత్రమే విప్పాలంటే చాలామంది పంప్ డౌన్ చేస్తారు, గ్యాస్ అంతా ఔట్‌డోర్‌లోకి లాగేస్తారు. బాగానే ఉంటుంది, ఒక్క షరతు మీద: పైపుల్లోగానీ ఇండోర్‌లోగానీ లీకు ఉండకూడదు. లీకు ఉంటే కంప్రెసర్ ఆ కంతలోంచి గాలిని లాక్కుంటుంది. గాలి, నూనె, గ్యాస్ కలిసి కంప్రెసర్‌లో నొక్కుకుపోయి వేడెక్కితే డీజిల్ ఇంజిన్ సిలిండర్లో జరిగేదే అక్కడ జరుగుతుంది, కాకపోతే కంప్రెసర్ డబ్బా దానికి తట్టుకోదు. ఇది ఆర్22, ఆర్410ఎలతో కూడా జరగగలదు. కాబట్టి లీకు మీద వచ్చిన కాల్ అయితే పంప్ డౌన్ జోలికి పోకండి. చేయగలిగిన చోట కూడా లిక్విడ్ వాల్వ్ (సన్న పైపుది) మూశాక కన్ను గేజ్ మీదే ఉండాలి. ముల్లు సున్నాకు దగ్గరపడగానే సక్షన్ వాల్వ్ (లావు పైపుది) మూసి వెంటనే ఏసీ ఆపండి. వ్యాక్యూమ్‌లోకి పోనివ్వొద్దు. హోస్ ఊడదీసి, ఫ్లేర్ నట్టు వదులు చేసి ఏసీ నడపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఆర్290 కొద్ది మొత్తమే ఉంటుంది, అది వాతావరణాన్ని వేడెక్కించేది కూడా చాలా తక్కువ. అందుకని శిక్షణలో చాలాచోట్ల పొడవాటి హోస్‌తో ఆరుబయటికి నిదానంగా వదలమనే నేర్పుతారు. ఆరుబయట అంటే బాల్కనీ కాదు. మూడో అంతస్తు బాల్కనీలోంచి వదిలితే బరువైన గ్యాస్ రెండో అంతస్తు బాల్కనీలోకే దిగుతుంది, అక్కడ ఎవరో ఇడ్లీ పొయ్యిమీద పెట్టి ఉంటారు. డాబా మీద, గాలి ఆడే చోట, డ్రైనేజీ మూతలకు, లిఫ్ట్ గదికి, మెట్ల దారికి దూరంగా హోస్ చివర ఉంచండి. సెల్లార్ పార్కింగ్‌లోకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వాల్వ్ కొద్దిగా తెరిచి, పక్కనే నిలబడి, ఎవరూ సిగరెట్ పట్టుకుని రాకుండా చూసుకోండి.

6. ఖాళీ అయిందని నమ్మొద్దు. గేజ్ సున్నా చూపించినా కంప్రెసర్ నూనెలో గ్యాస్ కలిసి ఉంటుంది, మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది. ప్రొపేన్ నూనెలో మరీ బాగా కరుగుతుంది. టార్చ్ పెట్టగానే పైపు మూతి దగ్గర భగ్గుమనేది ఎక్కువగా ఈ మిగులు గ్యాసే. కాబట్టి వ్యాక్యూమ్ పెట్టండి, నైట్రోజన్‌తో నింపి వదలండి, మళ్లీ వ్యాక్యూమ్, మళ్లీ నైట్రోజన్. వ్యాక్యూమ్ పంపు ఊదేది కూడా అదే గ్యాస్ కదా, అందుకని పంపు బయట ఉండాలి. పంపు మీదున్న స్విచ్చు ముందే ఆన్‌లో పెట్టి, దూరంగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ దగ్గర వేయండి, ఆర్పండి.

7. పాత అతుకును మంటతో ఊడదీయకండి, కట్టర్‌తో కోయండి. కోశాక డిటెక్టర్‌ను ఆ మూతి దగ్గర, కింద నేల దగ్గర పట్టి చూడండి. ఏమీ లేకపోతేనే టార్చ్ వెలిగించండి. ఎక్స్‌టింగ్విషర్ చేయి చాస్తే అందేలా ఉండాలి, వ్యాన్‌లో కాదు. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ నైట్రోజన్ సన్నగా పోతూ ఉండాలి, లేకపోతే పైపు లోపల నల్లటి పొట్టు కడుతుంది. ఆ పొట్టు ఊడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో ఇరుక్కుంటే మళ్లీ అదే ఇంటికి వెళ్లాలి.

ఆర్32 మంటలో కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. కళ్లు, గొంతు మండే ఘాటు పొగ వస్తే అతుకు పూర్తయిందో లేదో చూడటానికి ఆగొద్దు. టార్చ్ ఆర్పి బయటికి వచ్చేయండి, గాలి ఆడనివ్వండి. పొగ బాగా పీల్చితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఏ గ్యాసో చెప్పండి.

ఫ్లేర్ జాయింట్ విప్పితే పాత ఫ్లేర్‌నే మళ్లీ బిగించొద్దు. కోసి కొత్తది చేయండి, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించండి. చేతి అంచనాతో ఎక్కువ బిగిస్తే నట్టు చీలుతుంది, అది వారానికో నెలకో బయటపడుతుంది. ఆర్290కి గది లోపల విప్పి బిగించే జాయింట్ అసలు పెట్టకపోవడమే మేలు.

8. ఒత్తిడి పరీక్ష నైట్రోజన్‌తో. ఆక్సిజన్ వద్దు, అది కంప్రెసర్ నూనెతో కలిస్తే దానికదే పేలగలదు. వెల్డింగ్ కిట్‌లో చేతికి దొరికింది కదా అని ఆక్సిజన్ కొట్టినవాళ్లు ఉన్నారు. గాలి కంప్రెసర్‌తో కూడా వద్దు. రెగ్యులేటర్ లేకుండా నైట్రోజన్ కలపొద్దు, యూనిట్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటొద్దు. వంద పీఎస్ఐ దగ్గర ఒకసారి ఆగి వినండి, ఆపై పెంచండి. ఒత్తిడి ఉండగా అన్ని అతుకులకూ సబ్బునీళ్లు రాయండి.

కనీసం అరగంట, కుదిరితే ఇంకా ఎక్కువసేపు వదలండి. ముల్లు కాస్త దిగితే కంగారు పడొద్దు, ముందు ఎండ చూడండి. 35 డిగ్రీల్లో 300 పీఎస్ఐ పెట్టారు, సాయంత్రానికి 30 డిగ్రీలైంది అనుకుందాం. చల్లబడ్డందుకే దాదాపు 5 పీఎస్ఐ తగ్గుతుంది. అంతకు మించి దిగితేనే లీకు.

9. వ్యాక్యూమ్. గంట పెట్టాం, అరగంట పెట్టాం అనేది లెక్క కాదు, 500 మైక్రాన్ల కిందికి దిగిందా లేదా అనేదే లెక్క. దిగాక వాల్వ్ మూసి, పంపు ఆపి పది నిమిషాలు చూడండి. కొంచెం పైకెక్కి ఎక్కడో ఆగిపోతే లోపల తేమ ఉంది, ఇంకాసేపు లాగాలి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పు తేమ గాలిలో పనిచేసేవాళ్లు దీనికి ఇంకొంచెం టైమ్ ఇవ్వాలి. ఆర్32 ఏసీల్లో వాడే నూనె తేమను తొందరగా పీల్చుకుంటుంది, పైపు మూతులు తెరిచిపెట్టి భోజనానికి వెళ్లకండి.

10. తూచి నింపండి. గ్యాస్ సిలిండర్ హోస్‌ను వ్యాక్యూమ్ పెట్టేటప్పుడే కలిపి ఉంచండి, సిలిండర్ వాల్వ్ మూసి. అప్పుడు హోస్‌లో గాలి కూడా పోతుంది. ఆర్22 రోజుల్లోలా నట్టు వదులు చేసి గ్యాస్‌తో గాలిని బయటికి ఊదే పని ఉండదు. గదిలో మండే గ్యాస్ వదలడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

స్టిక్కర్ మీదున్న గ్రాములు వేయండి. పైపు పొడవు ఎక్కువైతే అదనంగా ఎంత అనేది ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఏసీ ఆపి, వ్యాక్యూమ్ ఉండగా వెళ్లినంత వెళ్లనివ్వండి. మిగిలింది ఉంటే, కింద 11లో చెప్పినట్టు మూతలు పెట్టి, డిటెక్టర్‌తో చూసి కరెంటు ఇచ్చాకే, ఏసీ నడుపుతూ సక్షన్ వైపు కొద్దికొద్దిగా. ఆర్290లో ఇరవై గ్రాముల తేడా కూడా పెద్ద తేడానే, హోస్‌లో మిగిలిపోయేది కూడా లెక్కలోకి వస్తుంది. గ్యాస్ నిదానంగా వెళ్తోందని సిలిండర్ కింద మంట పెట్టేవాళ్లుంటారు. గోరువెచ్చని నీళ్ల టబ్బు చాలు.

ఆర్32 ఒకే పదార్థం కాబట్టి టాప్ అప్ చేయొచ్చు కదా అని అడుగుతారు. చేస్తే గ్యాస్ పాళ్లు మారవు, నిజమే. కానీ లోపల ఎంత మిగిలిందో మీకు తెలియదు, ఎంత వేయాలో అంతకన్నా తెలియదు. తీసి, తూచి, మళ్లీ వేయడమే సరైన పని.

11. మూతలు పెట్టి, నడిపి చూడండి. కరెంటు ఇచ్చేముందు డిటెక్టర్‌తో నేల దగ్గర, ఇండోర్ కింద ఒకసారి తిప్పండి. కంప్రెసర్ టెర్మినల్ మూత, కంట్రోల్ బాక్స్ రబ్బరు సీళ్లు ఎక్కడివి అక్కడ పడాలి. అవి అలంకారానికి పెట్టినవి కావు, లోపల పుట్టే మెరుపు బయటి గ్యాస్‌ను తాకకుండా పెట్టినవి. పాడైన రిలే, కెపాసిటర్ బదులు ఆ మోడల్‌కి చెప్పినదే వేయండి, బజార్లో దొరికిన ఓపెన్ రిలే వేయొద్దు.

పావుగంట, ఇరవై నిమిషాలు నడిచాక లోపలికి వెళ్లే గాలికీ బయటికి వచ్చే గాలికీ తేడా చూడండి. సుమారు 10 నుంచి 14 డిగ్రీలు ఉంటే బాగున్నట్టే. ఇన్వర్టర్ ఏసీని టెస్ట్ మోడ్‌లో పెట్టి చూడాలి, మామూలుగా నడిచేటప్పుడు ఆంపియర్లు, ఒత్తిడి మారుతూనే ఉంటాయి. హోస్ తీశాక సర్వీస్ పోర్ట్‌కు సబ్బునీళ్లు రాసి, మూత బిగించండి. చాలా "మళ్లీ గ్యాస్ పోయింది" కాల్స్ ఆ బిగించని మూత దగ్గరే మొదలవుతాయి. చివరగా తేదీ, గ్యాస్ పేరు, వేసిన గ్రాములు స్టిక్కర్ మీద చెరగని పెన్నుతో రాయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఆంపియర్లు చూసి గ్యాస్ ఎక్కించడం ఒకటి. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం దానంతట అదే మారుతుంది, ఆ అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది.

రెండోది అసలు చేయకూడనిది: ఆర్22 ఏసీలో ఆర్290 లేదా ఆర్32 వేయడం. ప్రొపేన్ ఒత్తిడి ఆర్22కి దగ్గరే కాబట్టి ఏసీ చల్లగానే నడుస్తుంది, కస్టమర్ సంతోషిస్తాడు. కానీ ఆ యూనిట్‌లో రిలేలు, స్విచ్చులు మండే గ్యాస్ కోసం చేసినవి కావు. పైగా స్టిక్కర్ ఆర్22 అని చెబుతుంటే తర్వాత వచ్చే మెకానిక్ టార్చ్ వెలిగించుకుని కూర్చుంటాడు. ఇక వంటగ్యాస్ బండ నుంచి నింపడం గురించి: అందులో బ్యూటేన్ కలిసి ఉంటుంది, తేమ ఉంటుంది, ఒక్కో బండకు పాళ్లు ఒక్కోలా ఉంటాయి. తక్కువ ఖర్చు అని కస్టమర్ ఎంత బతిమాలినా వద్దనండి. ఆ ఇల్లు వదిలి వచ్చేయడం నష్టం కాదు.

మూడోది, ఇండోర్ యూనిట్ కడిగే రోజుల్లో జరిగేది. వాటర్ సర్వీస్ కోసం యూనిట్ కిందికి వంచినప్పుడు ఇండోర్ వెనక ఫ్లేర్ దగ్గర పైపు మెలిపడుతుంది. గ్యాస్ పని కాదు కదా అని డిటెక్టర్ తీసుకెళ్లరు. వంచిన ప్రతిసారీ ఆ జాయింట్లకు సబ్బునీళ్లు రాయండి, రెండు నిమిషాల పని.

లీకు శబ్దం వస్తే ఇంటివాళ్లకు ఏం చెప్పాలి

ఫోన్‌లో ఇంతే చెప్పండి: తలుపులు, కిటికీలు తెరవండి, గదిలో స్విచ్చులు ముట్టొద్దు, పూజ దీపాలు, పొయ్యి ఆర్పండి, బయటికి రండి, గది బయట మెయిన్ ఉంటే తీసేయండి. రిమోట్‌తో ఆపాలా అని అడుగుతారు. వద్దు, రిమోట్ నొక్కితే లోపల రిలే కదులుతుంది.

సిలిండర్ మోసుకెళ్లడం

నిలువుగా, కట్టి, వాల్వ్ మీద మూత పెట్టి తీసుకెళ్లండి. బైక్ మీద అడ్డంగా పడుకోబెట్టొద్దు. కారు డిక్కీలో, మూసిన వ్యాన్‌లో మే నెల ఎండలో వదిలేసి టీ తాగడానికి వెళ్లొద్దు. సిలిండర్ వేడి 50 డిగ్రీలు దాటకూడదు, ఎండలో మూసిన వ్యాన్ లోపల అది దాటడానికి ఎంతోసేపు పట్టదు. మండే గ్యాస్ సిలిండర్లకు చాలావాటికి మర ఎడమవైపు తిరుగుతుంది. నట్టు ఎక్కడం లేదని అడాప్టర్ పెట్టి బలవంతంగా బిగించకండి, ముందు సిలిండర్ మీద పేరు చదవండి. షాపులో అయితే గాలి ఆడే చోట, నేలమీద గచ్చు గట్టిగా ఉన్న చోట, గొలుసు వేసి నిలబెట్టండి. సెల్లార్ షాపైతే సిలిండర్లు పైనే ఉండాలి.